ఆ ఫారం మీ చేత్తో మీరే నింపండి

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. సన్మాన వాక్యాలు పక్కనపెట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఆరోగ్య బీమా దరఖాస్తులు ఎందుకు తిరస్కరిస్తారో చెప్పమన్నారు. క్యాన్సర్, గుండె ఆపరేషన్, డయాలసిస్, మీదపడిన వయసు, పొగాకు. ఇవి మీకు తెలిసినవే. జబ్బు చేశాకే అందరూ చేరితే ఏ నిధీ నిలవదు, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే షుగరో బీపీయో ఉందని తలుపు మూసెయ్యక్కర్లేదు. ప్రీమియం కొంత పెంచి ఇవ్వొచ్చు, ఆ జబ్బు వరకు వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్నాళ్లు దాని ఖర్చు ఇవ్వని గడువు, పెట్టి ఇవ్వొచ్చు. చాలా కంపెనీలు ఇస్తాయి కూడా.

మా బావగారికి ఇవ్వలేదు. ఎందుకో చెప్తాను వినండి. ఏజెంటు ఇంటికొచ్చాడు. బావగారు షుగర్ మాత్రల అట్ట తెచ్చి చూపించి మరీ చెప్పారు. "కంట్రోల్లోనే ఉందిగా, రాస్తే లేనిపోని తలనొప్పి. మీరు సంతకం పెట్టండి సార్, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. ప్రతి ప్రశ్నకీ వరసగా 'లేదు' అని టిక్కు పెట్టేశాడు. మెడికల్ టెస్టులో హెచ్‌బీఏ1సీ 8 దాటింది. 6.5 వస్తేనే షుగరు కింద లెక్క. రక్తంలో షుగరు రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష అది, ముందురోజు పస్తున్నా దాగదు. వాస్తవాలు దాచారంటూ రెండు ముక్కల ఉత్తరం వచ్చింది. దాచింది ఎవరండీ?

అక్కడితో అయిపోలేదు. ఇంకో కంపెనీకి వెళ్తే ఆ ఫారంలో ఒక ప్రశ్న: ఇంతకుముందు మీ దరఖాస్తును ఎవరైనా తిరస్కరించారా? అవునంటే అనుమానం, కాదంటే అబద్ధం.

సుమత్రా దీవిలో ఒక కోటకి చేసిన బీమా మీద 1766లో ఇంగ్లండు జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు చెప్పారు. తెలిసింది దాచకూడదన్న నియమం ఇరుపక్షాలకీ ఉందన్నారు. కోట బలహీనత దాచారన్న బీమా ఇచ్చినాయనే ఆ కేసు ఓడిపోయాడు. ఇవాళ ఆ నియమం మనమీదే ఎందుకు వాలుతోంది?

అమ్మా, వెనక కూర్చున్నవాళ్లు కూడా వినండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. వాడే ప్రతి మందూ, చేయించుకున్న ప్రతి ఆపరేషనూ మీరే రాయండి, నకలు ఉంచుకోండి. కంపెనీ కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, టెస్టు రిపోర్టులు అడగండి. రిపోర్టు తప్పనిపిస్తే మళ్లీ పరీక్ష చేయించుకుని ఆ కాగితంతో పునఃపరిశీలన కోరండి. ఫారాలు తెచ్చుకున్నవాళ్లు సభ అయ్యాక ఆగండి, కూర్చుని ఒక్కో ప్రశ్నా చదువుదాం.