బొటనవేలు ఫోటో ఒకటి పంపగలరా?

[నల్లటి స్క్రీన్. మెసేజ్ వచ్చిన చప్పుడు. అక్షరాలు ఒక్కో వరుసా కనిపిస్తాయి.]

"నమస్తే మేడమ్. నాలుగేళ్ల పాప. వీపు మీద గట్టి వాపు, మూడు వారాలుగా పెరుగుతోంది. నొప్పి ఉంది. ట్యూమర్ అనుకుంటున్నాం. రేపు పొద్దున బయాప్సీ."

[కాసేపు ఏమీ లేదు. తర్వాత జవాబు, వేరే రంగులో.]

"బయాప్సీ ఆపండి డాక్టర్. ముందు పాప కాలి బొటనవేళ్ల ఫోటో ఒకటి పంపగలరా?"

వ్యాఖ్యాత: వాపేమో వీపు మీద. అడిగిందేమో కాలి వేలి ఫోటో. తెలియనివాళ్లకి తిక్క ప్రశ్నలా ఉంటుంది. ఈ సంభాషణ మేం ఊహించి రాసుకున్నదే కానీ, అందులోని వైద్యం మాత్రం నిజం.

[యానిమేషన్: పసిబిడ్డ పాదాలు. బొటనవేళ్లు పొట్టిగా, పక్కవేళ్ల వైపు ఒంగి ఉంటాయి.]

ఎఫ్‌ఓపీ అనే జబ్బు ఒకటుంది. పూర్తి పేరు ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికన్స్ ప్రోగ్రెసివా. ఒకసారి విని వదిలేయండి, పరీక్ష పెట్టం. ఇందులో కండరాలు, స్నాయువులు మెల్లమెల్లగా ఎముకగా మారిపోతాయి. పది లక్షల నుంచి ఇరవై లక్షల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. ఇది ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ బొటనవేళ్లు పుట్టుకతోనే ఇలా ఉంటాయి. వాపులు చాలామందికి పదేళ్లలోపే మొదలవుతాయి. వాటిని చూసి క్యాన్సర్ గడ్డ అని పొరబడటం మామూలే. అప్పుడు డాక్టరు ఏం చేస్తారు? ముక్క కోసి పరీక్షకు పంపుతారు. సరిగ్గా అదే చేయకూడదు. ఆ గాయం దగ్గరే కొత్త ఎముక పుట్టుకొస్తుంది. కండకి వేసే ఇంజెక్షన్ వల్ల కూడా ఆ ప్రమాదం ఉంది.

దీనికి కారణమైన జన్యువు ఏసీవీఆర్1 అని 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం బృందం తేల్చింది. అంటే తెలిసినవాళ్లు ఉన్నారు. కానీ ముప్పై ఏళ్లు ప్రాక్టీసు చేసినా ఈ జబ్బు ఒక్కసారి కూడా కంటపడని డాక్టర్లే ఎక్కువ, వాళ్లని తప్పుపట్టలేం. కోయకూడదన్న మాట కత్తి పట్టుకున్న చేతికి రేపు పొద్దునలోగా చేరాలి. అదెలా చేరుతుందన్నదే ఇవాళ్టి సంగతి.

[టైటిల్ కార్డు.]

ముందు లెక్కలు రెండు ముక్కల్లో. యూరప్‌లో పది వేల మందిలో ఐదుగురికి మించకుండా ఉంటే అరుదైన జబ్బు అంటారు. అమెరికాలో ఆ దేశం మొత్తం మీద రెండు లక్షల మందిలోపు ఉంటే. ఇలాంటివి ఆరు వేలకు పైనే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 1997లో మొదలైన ఆర్ఫానెట్ అనే సంస్థ వీటి చిట్టా రాస్తుంది. అన్నీ కలిపి లెక్కేస్తే ప్రపంచంలో కనీసం ముప్పై కోట్ల మంది తేలతారు. ఏ ఆసుపత్రికైనా ఆరు వేల జబ్బులకూ నిపుణులను పెట్టుకోవడం కుదరని పని.

[మ్యాప్. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి గీతలు.]

యూరప్ వాళ్లు 2017 మార్చిలో 24 నెట్‌వర్కులు మొదలుపెట్టారు. ఎముకలకు ఒకటి, కళ్లకు ఒకటి, మూత్రపిండాలకు ఒకటి, ఇలా. పేరు యూరోపియన్ రిఫరెన్స్ నెట్‌వర్క్స్. వైద్యం చేస్తున్న డాక్టరు పేషెంటు అనుమతి తీసుకుని, సీపీఎమ్‌ఎస్ అనే ఆన్‌లైన్ వేదికలో కేసు పెడతారు. స్కానులు, ల్యాబ్ రిపోర్టులు జత చేస్తారు. వేరే దేశాల్లోని నిపుణులు అవి చూసి, మాట్లాడుకుని, సలహా రాసిస్తారు. పేషెంటు నేరుగా అందులోకి వెళ్లలేరు, డాక్టరు ద్వారానే వెళ్లాలి. వచ్చింది సలహా మాత్రమే. చివరి నిర్ణయం, బాధ్యత పేషెంటు పక్కనున్న డాక్టరువే.

వినడానికి బాగుంది. కూర్చుని ఆ కేసు నింపేది ఎవరు? ఓపీలో వంద మందిని చూసి, వార్డు రౌండ్లు ముగించి, రాత్రి పదింటికి కంప్యూటర్ ముందు కూర్చునే డాక్టరే. ఆ గంటని ఆసుపత్రి డ్యూటీ కింద లెక్కేస్తుందా అన్నది, సాఫ్ట్‌వేర్ ఎంత బాగుందన్న దానికన్నా పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం.

[కెమెరా డెస్క్ మీదకి. కాగితం మీద చేతిరాత: "7 ఏళ్ల బాబు. మూర్ఛ. ఎదుగుదల తక్కువ. ఏమై ఉంటుంది?"]

ఇప్పుడు ఈ కాగితం చూడండి. ఇలా అడిగితే ఎంత పెద్ద నిపుణులైనా చేతులెత్తేస్తారు.

"మూర్ఛ" అన్న మాటే తీసుకోండి. మనలో ఒకరు మూర్ఛ అంటే ఫిట్స్ అనుకుంటారు, ఇంకొకరు సొమ్మసిల్లి పడిపోవడం అనుకుంటారు. భాషకొక మాట, మాటకు రెండు అర్థాలు. పది దేశాల డాక్టర్లు పది రకాలుగా రాస్తే కంప్యూటర్ వాటిని ఎలా కలుపుతుంది? అందుకే 2008లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో పీటర్ రాబిన్సన్ బృందం హ్యూమన్ ఫీనోటైప్ ఆంటాలజీ అనే పదజాలం తెచ్చింది. లక్షణాలకు ఒక నిఘంటువు అనుకోండి. ఇప్పుడందులో 18 వేలకు పైగా పదాలున్నాయి. ప్రతి లక్షణానికీ ఒక నంబరు.

[స్క్రీన్ మీద: హెచ్‌పీ 0001250]

ఫిట్స్ నంబరు ఇది. ఏ భాషలో ఏమని పిలిచినా నంబరు ఇదే. తల చుట్టుకొలత తక్కువగా ఉంటే 0000252. ఇంక గొడవ లేదు.

[అదే కాగితం, తిరగరాసింది.]

"7 ఏళ్ల బాబు. 14 నెలలకు మొదటిసారి ఫిట్స్, జ్వరం లేకుండా. అప్పటిదాకా నడక, మాట మామూలే. 3 ఏళ్లకు మాటలు తగ్గాయి. వినికిడి బాగుంది. లివర్ పెరగలేదు. ఎమ్మారై రెండుసార్లు మామూలే. ఇచ్చిన మందులు ఇవి, పనిచేయనివి ఇవి. మా ప్రశ్న: తర్వాత ఏ పరీక్ష చేయాలి?"

తేడా తెలిసిందా? ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అని వరుస ఉంది. చివర్లో ఒకే ప్రశ్న ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం "లివర్ పెరగలేదు" అన్న వాక్యం. లేని లక్షణం రాయడం చాలామందికి అలవాటుండదు. కానీ చదివే నిపుణులు సగం జబ్బుల్ని ఆ ఒక్క ముక్కతోనే పక్కన పెట్టేస్తారు.

[రెండు ఫైళ్లు స్క్రీన్ చెరో చివర.]

కొన్ని కేసుల్లో నిపుణులకీ తెలియదు. ఎందుకంటే ఆ జబ్బుకి ఇంకా పేరే పెట్టలేదు. జన్యు పరీక్షలో ఏదో మార్పు కనిపిస్తుంది. జబ్బుకి అదే కారణమా, లేక ఊరికే ఉందా? ఒక్క పేషెంటుతో తేలదు. అదే జన్యువులో మార్పు, అవే లక్షణాలు ఉన్న రెండో మనిషి కావాలి.

దీనికి జీన్‌మ్యాచర్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. అచ్చం పెళ్లిళ్ల పేరయ్య పని. మీరు మీ జన్యువు పేరు పెట్టి వదిలేస్తారు. అందులోకి తొంగిచూసి ఎవరి దగ్గర ఏముందో వెతకడం కుదరదు. రెండేళ్ల తర్వాత ఇంకో దేశంలో ఎవరో అదే పేరు పెట్టారనుకోండి, ఇద్దరికీ ఒకేసారి ఈమెయిల్ వెళ్తుంది. ఆ తర్వాత మాట్లాడుకోవడం మీ ఇష్టం. బ్రిటన్‌లో 2004లో మొదలైన డెసిఫర్, కెనడాలోని ఫీనోమ్‌సెంట్రల్ లాంటివి కూడా ఉన్నాయి. వీటన్నిటినీ కలుపుతూ 2013లో మ్యాచ్‌మేకర్ ఎక్స్‌ఛేంజ్ మొదలైంది. ఒక చోట అడిగిన ప్రశ్న మిగతా చోట్లకీ వెళ్తుంది.

[అల్ట్రాసౌండ్ బొమ్మ. పై మూలలో పేరు ఉన్న చోట ఎర్ర గీత.]

ఇక్కడ కొంచెం టెన్షన్ పడాల్సిన విషయం. "పేరు తీసేశాం, ఇంకేముంది" అంటారు. మొదటిది, పేరు నిజంగా తీశారా? అల్ట్రాసౌండ్‌లో చాలాసార్లు అది బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది. స్కాన్ ఫైలు లోపల కంటికి కనపడని వివరాల్లోనూ పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. రెండోది, పేరు లేకపోయినా మనిషి దొరుకుతారు. పుట్టిన తేదీ, ఆడా మగా, పోస్టల్ కోడ్, ఈ మూడూ కలిస్తే చాలు, అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే వీలుందని లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో లెక్కగట్టారు. అది మామూలు జనం సంగతి. పది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బయితే, జబ్బు పేరూ జిల్లా పేరూ చెప్పాక ఇంక మనిషి పేరు దాచి లాభమేంటి?

ముఖం ఇంకా చిక్కు. కొన్ని జన్యు జబ్బులు ముఖం చూసే పట్టుకుంటారు, కళ్లకు నల్ల పట్టీ వేస్తే అసలు ఆధారమే పోతుంది. అందుకే ముఖం ఫోటోకి విడిగా అనుమతి అడగాలి. ఎవరు చూస్తారో, ఎక్కడ ఉంటుందో చెప్పి అడగాలి.

మరి వాట్సాప్ గ్రూపులు? అర్ధరాత్రి రెండింటికి ఇంకేమీ దొరకనప్పుడు అవే దిక్కవుతాయి, నేను తిట్టను. కానీ అక్కడ వచ్చిన మంచి జవాబు వారం తిరిగేసరికి శుభోదయం మెసేజీల కింద పూడిపోతుంది. ఆ ఫోటో మాత్రం నలభై ఫోన్లలో ఉండిపోతుంది.

[వీడియో కాన్ఫరెన్స్ గళ్లు.]

"ఇలా దూరం నుంచి చెబితే వైద్యం నాణ్యత పడిపోదా?" అని అడుగుతారు. దీనికి మంచి జవాబు అరుదైన జబ్బుల నుంచి కాదు, లివర్‌కి పట్టే వైరస్ జబ్బు హెపటైటిస్ సి నుంచి వచ్చింది. అమెరికాలోని న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే డాక్టరు 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. దూరపు క్లినిక్‌ల డాక్టర్లు, జైళ్లలో పనిచేసే డాక్టర్లు వీడియోలో కలిసి తమ కేసులు చెప్పేవారు, నిపుణులు, తోటివాళ్లు చర్చించేవారు. 407 మంది పేషెంట్ల ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. విశ్వవిద్యాలయం క్లినిక్‌లో 57.5 శాతం మందికి వైరస్ పోయింది. ఎకో క్లినిక్‌లలో 58.2 శాతం మందికి. ఒక్కసారికి దొరికే సలహా కన్నా, పదేపదే కేసులు విని ఆ డాక్టర్లే ఆరితేరడం ఇందులో కీలకమని నాకు అనిపిస్తుంది.

[ఖాళీ గడి ఉన్న ఫారం. గడి పైన: "తర్వాత ఏమైంది?"]

ఈ ఏర్పాట్లన్నిట్లో నాకు కనిపించే పెద్ద లోటు ఇదీ. సలహా తీసుకున్నాక తిరిగొచ్చి ఏమైందో రాసేవాళ్లు తక్కువ. పేషెంటు కోలుకుంటే పనిలో పడి మర్చిపోతారు. కోలుకోకపోతే రాయడానికి మనసొప్పదు.

రాస్తే ఏమవుతుందో పోర్ఫిరియా అనే అరుదైన జబ్బు దగ్గర చూడొచ్చు. అందులో ఉన్నట్టుండి తిరగబెట్టే రకం, అంటే అక్యూట్ పోర్ఫిరియా, ఉన్నవాళ్లకి కొన్ని మామూలు మందులే ప్రమాదకరమైన కడుపునొప్పి తెప్పిస్తాయి, పక్షవాతం దాకా తీసుకెళ్లగలవు. ఏ మందు వాడొచ్చు, ఏది కూడదు? ఇంత కొద్దిమందిలో ప్రతి మందుకీ పెద్ద ప్రయోగాలు చేయలేరు. నార్వేలోని పోర్ఫిరియా కేంద్రం నడిపే ఆన్‌లైన్ పట్టిక మందుల్ని ఐదు తరగతులుగా విడదీస్తుంది, పూర్తిగా సురక్షితం అన్న దగ్గర నుంచి ప్రమాదం అన్న దాకా. శరీరంలో ఆ మందు ఎలా విరుగుతుందన్న శాస్త్రంతో పాటు, పేషెంట్లకి ఇచ్చినప్పుడు ఏం జరిగిందన్న అనుభవాలూ ఆ లెక్కలోకి వస్తాయి.

మందు ఇచ్చాక జబ్బు తిరగబెడితే ఎవరో ఒకరు రాస్తారు. ఏమీ జరగకపోతే ఎవరు రాస్తారు? ఏ జర్నలూ దాన్ని అచ్చువేయదు. కానీ రేపు వేరే దేశంలో పోర్ఫిరియా పేషెంటుకి మత్తుమందు ఇవ్వబోయే డాక్టరు వెతికేది సరిగ్గా ఆ వరుస కోసమే.

[గడిలో కర్సర్ మిణుకుతుంది. ఒక్కో అక్షరం టైపవుతుంది.]

"ఇచ్చాం. ఏమీ కాలేదు."

[స్క్రీన్ నలుపు.]