నుదురు తగ్గింది సరే, మచ్చ సంగతేంటి?

(బరంపురంలోని ఒక స్థానిక తెలుగు స్టూడియోలో జరిగిన చర్చ. ఆపరేషన్ చేయించుకున్నామె తన పేరు వద్దన్నారు. ఆమెతో పాటు మిగతావాళ్ల పేర్లూ రాయలేదు. పరిచయాలు, మధ్యలో ఏసీ ఆగిపోయి అందరం లేచి నిలబడ్డ పది నిమిషాలు తీసేశాం.)

యాంకర్: జుట్టు అంచుని ముందుకు తెచ్చి నుదురు తగ్గించే ఆపరేషన్ గురించి ఈరోజు మాట. ఆపరేషన్‌కి ముందు ఫొటో, తర్వాత ఫొటో అందరూ చూపిస్తున్నారు. ఆ రెంటికీ మధ్య ఏడాది ఎలా గడిచిందో ఎవరూ చెప్పరు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం. కట్టు విప్పిన రోజు అద్దంలో ఏం కనిపించింది?

యువతి: కట్టు సంగతి కాదు మేడం, మూడో రోజు సంగతి చెప్పాలి. విశాఖలో చేయించుకున్నాను. పొద్దున లేస్తే కళ్లు తెరుచుకోవట్లేదు. నుదుటి వాపంతా రెప్పల మీదికి దిగిపోయింది. మా అమ్మ ‘ఉన్న మొహం కూడా పాడుచేసుకున్నావు కదే’ అని ఒకటే ఏడుపు. వాపు రెండు రోజుల్లో తీసేసింది. ఆ రెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

సర్జన్: వాపు జారేది కిందికే కదా. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. ఇల్లు ఊడవడం, ముగ్గు వేయడం లాంటి వంగే పనులు మొదటి వారం ఇంకొకరికి అప్పజెప్పాలి. వాపు రెండు వైపులా సమానంగా ఉంటే భయం లేదు. ఒక్క వైపే గట్టిగా ఉబ్బి నొప్పి పెరుగుతుంటే లోపల రక్తం చేరుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి.

యాంకర్: ఇక్కడివాళ్లు చాలామంది ఆపరేషన్ చేయించుకుని రైలెక్కి ఇంటికొచ్చేస్తారు. కుట్లు ఎక్కడ విప్పించుకోవాలి?

సర్జన్: వారం, పది రోజులకి విప్పుతారు. చేసినవాళ్ల దగ్గరికే వెళ్లడం మంచిది. దారం ఎక్కడుందో వాళ్లకి తెలుసు, పుండు అంచు నల్లబడుతుంటే వాళ్లే ముందు పట్టుకుంటారు. ఖైనీ, గుట్కా, సిగరెట్ అలవాటున్నవాళ్లలో ఆ నల్లబడే ప్రమాదం ఎక్కువ. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. కోసి ముందుకు లాగిన చర్మానికి రక్తం చాలకపోతే అంచు చచ్చిపోతుంది. ‘నమలడమే కదండీ, పొగ తాగట్లేదు’ అంటారు. రెండూ ఒకటే.

యాంకర్: అసలు కోత ఎక్కడ పెడతారు?

సర్జన్: జుట్టు మొదలయ్యే చోటే. మాడు చర్మాన్ని కింద ఎముక నుంచి వదులు చేసి ముందుకు తెచ్చి, నుదుటి మీద మిగిలిన చర్మం ముక్క తీసేస్తాం. మామూలుగా ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్లు దిగుతుంది. మాడు వదులుగా ఉన్నవాళ్లకి ఇంకాస్త. ఇందులో కిటుకు కత్తి వాలులో ఉంది. నిటారుగా కోస్తే మచ్చ జుట్టుకి ముందు తెల్ల దారంలా ఉండిపోతుంది. ఏటవాలుగా కోస్తే వెంట్రుక కుదుళ్లు కొన్ని నుదుటి చర్మం అంచు కింద బతికి ఉంటాయి. కొన్నాళ్లకి ఆ వెంట్రుకలు మచ్చలోంచే పొడుచుకొస్తాయి. గీత కూడా తిన్నగా గీయం, వంకరటింకరగా తీస్తాం. పుట్టుకతో వచ్చిన జుట్టు అంచు ఎవరికీ స్కేలు పెట్టి గీసినట్టుండదు కదా.

యువతి: నాకు ఆ వెంట్రుకలు మూడో నెలలో కనిపించాయి. గడ్డం మొలిచినట్టుందని మా తమ్ముడు నవ్వాడు.

(నవ్వులు)

యువతి: దానికంటే నన్ను విసిగించింది మొద్దుబారడం. దువ్వుకుంటుంటే దువ్వెన చప్పుడు చెవికి వినిపిస్తుంది, నెత్తికి మాత్రం తెలియదు. ఎవరి తలో దువ్వుతున్నట్టు. అయిదో నెలలో చీమలు పాకడం మొదలైంది. దురద! గోకితే గోకినట్టు తెలియదు, దురద మాత్రం పోదు.

సర్జన్: స్పర్శ తెచ్చే నరాలు కనుబొమల దగ్గర బయటపడి నుదుటి మీదుగా పైకి వెళ్తాయి. మనం అడ్డంగా కోస్తాం కాబట్టి కోతకి వెనక భాగం మొద్దుబారుతుంది. చీమలు పాకాయంటే నరం తిరిగి అల్లుకుంటోందన్నమాట. ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. కొందరికి నడినెత్తిన చిన్న జాగా ఎప్పటికీ మొద్దుగానే మిగలొచ్చు. ఈ మాట సంతకం పెట్టించుకునే ముందే చెప్పాలి.

పార్లర్ యజమానురాలు: ఈ మొద్దుబారడం గురించి నాకు తెలియక ఒక పొరపాటు చేశానండి. పెళ్లికి తయారవడానికి ఒకామె వచ్చింది. ఆపరేషన్ అయిందని చెప్పలేదు, నేనూ అడగలేదు. స్ట్రెయిట్‌నర్ కుదుళ్ల దాకా పెట్టాను. మామూలుగా వేడి తగిలితే ‘అబ్బా’ అని తల వెనక్కి లాగేస్తారు. ఆవిడ కదల్లేదు, ఫోన్ చూసుకుంటోంది. తీసి చూస్తే రూపాయి బిళ్లంత బొబ్బ. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు వేలితో మాడు నొక్కి ‘తెలుస్తోందా తల్లీ’ అని అడుగుతాను.

చర్మవైద్యురాలు: మా దగ్గరికి వచ్చేవాళ్ల టెన్షన్ ఎక్కువగా రెండో నెలలోనే. అప్పుడు మచ్చ ఎర్రగా, కాస్త గట్టిగా, అన్నిటికంటే వికారంగా ఉంటుంది. ఎరుపు తగ్గడానికి నెలలు పడుతుంది, మచ్చ పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర. పైగా మన చామనచాయ చర్మానికి ఎండ తగిలితే ఆ ఎరుపు నలుపుగా మారి కూర్చుంటుంది. గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్తే టోపీ పెట్టుకోండి, గాయం మూసుకున్నాక సన్‌స్క్రీన్ రాయండి. డాక్టర్ చెప్పిన రోజు నుంచి సిలికాన్ జెల్ వాడొచ్చు.

యాంకర్: మరి పాపిట్లో సిందూరం?

చర్మవైద్యురాలు: మంచి ప్రశ్న. పాపిట మొదలయ్యేది సరిగ్గా ఆ కోత మీదే. పచ్చి గాయంలో సిందూరం పడితే రంగు లోపలే ఉండిపోవచ్చు, కొన్నిటిలో సీసం కూడా ఉంటుంది. ముఖ్యంగా పెద్దవాళ్లకి చెబుతున్నాను, కోడలు రెండు నెలలు పాపిట్లో పెట్టకపోతే ఎవరికీ ఏమీ కాదు. బొట్టు కిందే పెట్టుకుంటుంది. పసుపు, కొబ్బరి నూనె కూడా గాయం మీద వద్దు.

పార్లర్ యజమానురాలు: రంగు?

చర్మవైద్యురాలు: హెయిర్ డై నెల దాటాకే. ఇంకో మాట, ఆపరేషన్‌కి ముందు అడగాల్సింది. చెవి కుట్టించుకున్న చోట బొడిపె లేచిందా? టీకా మచ్చ ఉబ్బి పెరిగిందా? అలాంటి ఒంటి తత్వం ఉంటే కీలాయిడ్, అంటే గాయాన్ని దాటి ఉబ్బి పెరిగే మచ్చ, వచ్చే భయం ఉంది. మచ్చ ఉబ్బుతుంటే ఇంజెక్షన్లతో అణచొచ్చు కానీ, త్వరగా రావాలి.

యువతి: నాకు జుట్టు కూడా ఊడింది మేడం. కుట్లకి వెనకే, గుప్పెళ్లుగా.

చర్మవైద్యురాలు: దాన్ని షాక్ లాస్ అంటారు. దెబ్బతిన్న కుదుళ్లు నిద్రలోకి పోతాయి. చాలావరకు మూడు నాలుగు నెలల్లో తిరిగి మొలకెత్తుతాయి.

యాంకర్: పర్లాకిమిడి నుంచి ఒక కాల్ ఉంది. చెప్పండి బాబూ.

కాలర్: నా వయసు ఇరవై ఆరండి. నుదురు పెద్దది. ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుందంటున్నారు, చేయించుకోవచ్చా?

సర్జన్: మీ నాన్నగారికి జుట్టుందా?

కాలర్: ...వెనక ఉందండి.

(నవ్వులు)

సర్జన్: అయితే వద్దు నాయనా. మచ్చని దాచేది దాని ముందూ వెనకా ఉన్న జుట్టే. మీ జుట్టు వెనక్కి పోతే ఆ మచ్చ నడినెత్తిన గీత గీసినట్టు బయటపడుతుంది. ముందు జుట్టు ఊడుతోందో లేదో చూపించుకోండి, మందులు వాడండి. తర్వాత కావాలంటే వెంట్రుకలు నాటడం ఆలోచిద్దాం. అందులో ఫలితానికి ఏడాది ఆగాలి, కానీ నుదుటి అంచున ఇంత పొడవు గీత ఉండదు. ఆడవాళ్లయినా ఇంతే. వాళ్ల అమ్మకి పాపిట వెడల్పవుతూ వస్తే నేను రెండుసార్లు ఆలోచిస్తాను. పదేళ్ల తర్వాత ఆ మచ్చ ఎలా ఉంటుందనేది నా కుట్టు కంటే వాళ్ల జుట్టు మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

యాంకర్: మచ్చ బాగా కుదరకపోతే?

సర్జన్: ఏడాది దాకా ఆగి, మచ్చలోనే కొన్ని వెంట్రుకలు నాటి కప్పేయొచ్చు.

పార్లర్ యజమానురాలు: నాకొక సందేహం. తిరుపతి మొక్కుంటే? గుండు చేయించుకోవచ్చా?

సర్జన్: గాయం పూర్తిగా మానాక చేయించుకోవచ్చు. కానీ జుట్టు పెరిగేదాకా గీత ఈ చెవి నుంచి ఆ చెవి వైపు అందరికీ కనిపిస్తుంది.

యువతి: మా అమ్మ మొక్కేసింది సార్. ఆ మూడో రోజే, నా కళ్లు తెరుచుకుంటే గుండిస్తానని.

యాంకర్: మీ గుండా, ఆవిడ గుండా?

యువతి: నాదే! మూడు కత్తెరలు ఇస్తానని బేరమాడుతున్నాను. ఇంకా ఒప్పుకోలేదు.