యుద్ధం అయిపోయినా ఇంటికి పంపని కూలీలు

[తెర మీద: పొగమంచులో చక్కెర దుంపల చేను]

1946 నవంబర్, తూర్పు ఇంగ్లండ్. దుంపల్ని ఆకు పట్టుకుని పీకాలి. రెండేసి దుంపల్ని ఒకదానికొకటి కొట్టి మట్టి దులపాలి. కొన దగ్గర కొక్కెం ఉన్న కత్తితో తల నరికి పడేయాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటాయి. చేసేవాళ్లు ఊరివాళ్లు కాదు, యుద్ధ ఖైదీలైన జర్మన్ సైనికులు. పారిపోతే దూరం నుంచే తెలిసేలా వాళ్ల బట్టల మీద వేరే రంగు అతుకులు.

ఆగండి, యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం 1945 మేలోనే అయిపోయింది కదా?

[తెర మీద: మునిగిపోతున్న ఓడ]

కాస్త వెనక్కి వెళ్దాం. బ్రిటన్ తిండిలో ఎక్కువ భాగం ఓడల్లో వచ్చేది. ఆ ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు ముంచేస్తుంటే, బీడు భూములు కూడా దున్నక తప్పలేదు. కుర్రాళ్లేమో సైన్యంలో ఉన్నారు. దాంతో 1941లో, ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటాలియన్ సైనికులను పొలాల్లోకి దింపారు. (అలా దొరికినవాళ్లలో వేలమందిని మన బెంగళూరు, డెహ్రాడూన్ క్యాంపులకూ తెచ్చారు, అది వేరే వీడియో.)

తర్వాత జర్మన్లు. 1946లో బ్రిటన్‌లో 4 లక్షల మంది ఉన్నారు. ఒక దశలో దేశం మొత్తం వ్యవసాయ పనిలో ఐదో వంతు దాకా వాళ్లదే.

1929 జెనీవా ఒప్పందం ప్రకారం శాంతి కుదిరాక ఖైదీలను వీలైనంత త్వరగా పంపేయాలి. కానీ జర్మనీలో ప్రభుత్వమే లేదు, శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టేదెవరు? ఆ సందు బ్రిటన్‌కు బాగా కలిసొచ్చింది. రూలు ప్రకారం సరే. న్యాయమని మాత్రం నేననను.

డబ్బు సంగతి చూడండి. రైతు మామూలు కూలి మొత్తం ప్రభుత్వానికి కట్టాలి, ఖైదీ చేతికొచ్చేది చిల్లరే. రైతుకు చౌకగా మనిషి దొరికితే ఊళ్లో కూలీల పొట్ట కొట్టినట్టే కదా, అందుకే మొత్తం కూలి కట్టించుకున్నారు.

[తెర మీద: గింజలు పొడిచే చెక్క కోళ్ల బొమ్మ]

ఊరివాళ్లతో కలవకూడదని ఆంక్షలుండేవి. అయినా ఖైదీలు ఇలాంటి బొమ్మలు చెక్కి సిగరెట్లకు మార్చుకునేవారు. 1946 డిసెంబర్‌లో ఆంక్షలు సడలాయి. ఆ క్రిస్మస్‌కు చాలా ఇళ్లు వాళ్లను భోజనానికి పిలిచాయి.

1948కల్లా దాదాపు అందరినీ పంపేశారు. సుమారు 24,000 మంది మాత్రం అక్కడే ఉండిపోయారు. అందులో బెర్ట్ ట్రౌట్‌మన్ ఒకడు. పొలం పని చేసినన్నాళ్లు అతన్ని పట్టించుకున్నవాడు లేడు. 1949లో మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ గోల్‌కీపర్‌గా తీసుకోగానే, జర్మన్ వద్దంటూ జనం వీధుల్లోకొచ్చారు.