"సమజ్ గయా?" అని అడగడం మానేశాక

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది సైట్ ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు. మారుతున్న పనివాళ్లు, మారాల్సిన నాయకత్వం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నాకు తెలిసిందంతా స్లాబ్ మీదా, లేబర్ క్యాంపులోనూ నేర్చుకున్నదే. అక్కడి విషయాలే చెబుతాను.

మా నాన్న పాలమూరు కూలీ. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని, ఏడాదిలో తొమ్మిది పది నెలలు మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో కాలువ పనుల్లో మట్టి తవ్వేవాడు. ఆయన పేరు అక్కడి ఇంజనీర్లు ఎవరికీ తెలియదు. గుంపు మొత్తాన్నీ "ఏయ్ ఆంధ్రా" అని పిలిచేవారట. ఎన్నో కబుర్లు నవ్వుతూ చెప్పే మనిషి, ఈ ఒక్కటి మాత్రం నవ్వకుండా చెప్పేవాడు.

ఇవాళ హైదరాబాద్ చుట్టూ మన సైట్లలో సెంట్రింగ్‌కి, రాడ్ బెండింగ్‌కి, కాంక్రీట్‌కి ఎక్కువగా వస్తున్నది ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ వాళ్లు. మనం వాళ్లను ఏమంటున్నాం? బలంగీర్ నుంచి వచ్చినవాడైనా, మాల్దా నుంచి వచ్చినవాడైనా మనకు అందరూ "బిహారీలే". నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను. మా నాన్న కొడుకునై ఉండీ అన్నాను.

నేను 1990ల చివర్లో ఈ పనిలోకి వచ్చాను. అప్పట్లో మేస్త్రికి చెబితే చాలు. మేస్త్రి, కూలీలు ఒకే ఊరివాళ్లు, చాలాసార్లు బంధువులు కూడా. మనం గట్టిగా అరిచినా, ఆ అరుపులో ఎంత కోపముందో ఎంత తొందరుందో వాళ్లకు తెలిసేది. మిగిలింది సాయంత్రం మేస్త్రి సర్దిచెప్పేవాడు. నా పద్ధతి బాగా పనిచేస్తోందని అనుకునేవాణ్ని. పనిచేసింది నా పద్ధతి కాదు, ఆ మేస్త్రి.

అది నాకు తెలిసొచ్చిన రోజు చెబుతాను. ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో రెండు స్లాబ్‌లు పక్కపక్కన ఉన్నాయి. స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, నాలుగున్నర మీటర్లు దాటితే కింద ప్రాప్‌లు, అంటే స్లాబ్‌ను మోసే తాత్కాలిక ఊతకర్రలు, 14 రోజులు ఉంచాలని కాంక్రీట్ పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, మీకు తెలిసిందే. ఒక స్లాబ్‌కి 14 రోజులు అయిపోయాయి. రెండోదానికి 8 రోజులే. నేను మధ్యలో నిలబడి, నాకొచ్చిన హిందీలో "ఇధర్ కా నికాలో, ఉధర్ కా మత్ నికాలో" అన్నాను, ఇటువి తీయండి, అటువి తీయొద్దు అని. "సమజ్ గయా?", అర్థమైందా అని అడిగాను. "జీ సాబ్" అన్నారు. కాసేపు అక్కడే ఉండి చూడాల్సింది. ఫోన్ వస్తే వెళ్లిపోయాను.

ఆ కుర్రాళ్లు నాకు ఎదురుగా నిలబడి ఉన్నారు. నా "ఇధర్" వాళ్లకు "ఉధర్". నేను తిరిగొచ్చేసరికి పచ్చి స్లాబ్ కింద సగం ప్రాప్‌లు తీసేసి ఉన్నాయి. స్లాబ్ కిందికి కుంగింది, పగులు కనిపించింది. పరుగున జాకీలు ఎక్కించి నిలబెట్టాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ మళ్లీ చెప్పలేను. మర్నాడు పొద్దున క్యాంపులో పదకొండు మంది లేరు. వారం రోజుల కూలి కూడా అడక్కుండా వెళ్లిపోయారు.

తప్పు వాళ్లదని ఆఫీసులో రాసేశారు. నేను సంతకం పెట్టాను. ఆ సంతకం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ తర్వాత "సమజ్ గయా?" అని అడగడం మానేశాను. భాష రానివాడు, అడ్వాన్స్ తీసుకున్నవాడు, మూడు రాష్ట్రాలు దాటి వచ్చినవాడు ఆ ప్రశ్నకు "లేదు సాబ్" అని చెప్పడు. "నువ్వు ఇప్పుడు ఏం చేయబోతున్నావో నాకు చూపించు" అంటాను. తీయకూడని ప్రాప్‌లకు ఎర్ర రంగు వేసి, ఎప్పుడు తీయాలో తేదీ రాయిస్తాను, అంకెల్లో. ఒడియా చదివేవాడైనా, బెంగాలీ చదివేవాడైనా, ఏదీ చదవలేనివాడైనా ఫోన్ నంబర్ నొక్కగలిగితే ఆ తేదీ తెలుస్తుంది. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే పని మొదలయ్యే ముందు జాగ్రత్తలు చెప్పుకునే చోట, నేను రెండు నిమిషాలే మాట్లాడతాను. తర్వాత ఒక్కో గుంపులోంచి ఒక్కరు తమ భాషలో చెబుతారు. రోజూ ఒక్కరే కాదు, మార్చి మార్చి.

పండగల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ కాదు. పశ్చిమ ఒడిశా వాళ్లకు వినాయక చవితి మర్నాడు నువాఖాయ్. కొత్త బియ్యం ఇంట్లో అందరితో కలిసి తినే రోజు. బిహార్ వాళ్లకు దీపావళి తర్వాత ఆరో రోజు ఛఠ్. ఆ రోజుల్లో పెద్ద స్లాబ్ పెట్టుకుని, "లేబర్ చెప్పకుండా పోతారు" అని తిట్టుకునేవాళ్లం. సంక్రాంతికి మనం ఊరెళితే ఎవరైనా అలా అంటారా? ఇప్పుడు షెడ్యూల్ వేసేటప్పుడే ఆ తేదీలు గుర్తుపెట్టుకుంటున్నాం. అడిగి వెళ్తున్నారు, తిరిగి వస్తున్నారు.

మెత్తగా మారిపోయానని అనుకోకండి. క్రేన్ లోడ్ ఎత్తుతుంటే నేను ఎవరి అభిప్రాయమూ అడగను. కింద మనిషి ఉంటే అరుస్తాను, విజిల్ వేస్తాను. సేఫ్టీ బెల్ట్ లేకుండా పైకెక్కినవాణ్ని దింపేస్తాను. కానీ అదే గొంతుతో కొత్తగా డిప్లొమా చేసి వచ్చిన అమ్మాయితో డ్రాయింగ్ గురించి మాట్లాడితే, ఆమె చూసిన తప్పు నాకు చెప్పదు. ముప్ఫై ఏళ్లు తాపీ పట్టిన మేస్త్రితో అలా మాట్లాడితే, ఆయన తన అనుభవాన్ని తన దగ్గరే ఉంచుకుంటాడు. ఇద్దరిలో ఎవరు నోరు మూసుకున్నా నష్టం గోడకే.

ఇక నాకు ఇంకా చేతకానిది ఒకటుంది. ఆడకూలీలు. ఇసుక మోసేది, ఇటుక అందించేది ఎక్కువగా వాళ్లే. చాలామంది భార్యాభర్తలు జంటగా వస్తారు, కూలి ఇద్దరిదీ కలిపి మొగుడి చేతికి పోతుంది. ఆడా మగా సమాన కూలి అని 1976లోనే చట్టం వచ్చింది. 50 మందికి మించి ఆడవాళ్లున్న సైట్‌లో పిల్లలకు చోటు చూపించాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. మా సైట్‌లో షెడ్డు వేశాం, పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయాను పెట్టాం. అది సాధ్యమైంది. కూలి విషయంలో మాత్రం చిక్కుపడ్డాను. విడిగా బ్యాంకు ఖాతాలు తెరిపించాను. ఏటీఎం కార్డులు నెల తిరక్కుండానే మొగుళ్ల జేబుల్లోకి చేరాయి. ఒకామెను అడిగితే తల దించుకుని వెళ్లిపోయింది. అడిగింది నేను, పదిమంది ముందు. అదీ తప్పే. ఆమెతో మాట్లాడాల్సింది నేను కాదేమో, ఆ షెడ్డులో ఆయా ఏమో.

మీలో ఎవరి సైట్‌లోనైనా ఆ డబ్బు ఆమె చేతికే చేరుతుంటే, దయచేసి టీ టైమ్‌లో నా దగ్గరికి రండి. ఎలా చేశారో చెప్పండి. రాసుకోవడానికి పుస్తకం తెచ్చుకున్నాను.