గొంతు ఆగిపోయాక బ్యాండ్ ఎట్టా పాడుద్ది? ఈమధ్య వచ్చిన నాలుగు రాక్ ఆల్బమ్‌ల మీద నా మాట

[తెర మీద: నెల్లూరు ట్రంకు రోడ్డు, సాయంత్రం రద్దీ. వెనక డ్రమ్స్ ఒక్కటే.]

నమస్కారమండీ. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. ఈ రెండు మూడేళ్ళలో వచ్చిన రాక్ ఆల్బమ్‌లలో నాలుగు నన్ను వదిలిపెట్టడం లేదు. నాలుగిటి వెనకా ఒక చావుంది. ఒక బ్యాండ్‌లో పాడే మనిషి పోయాడు, రెండిట్లో డ్రమ్స్ వాయించే మనిషి పోయాడు, ఇంకోదాంట్లో పాట రాసేవాడి అన్న పోయాడు. మిగిలినవాళ్ళు ఆ ఖాళీని ఏం చేశారన్నదే ఈ వీడియో. నాకు నచ్చింది, నచ్చనిది, రెండూ దాచుకోకుండా చెప్తా.

[తెర మీద: మైకు ముందు నిలబడ్డ ఆర్కెస్ట్రా గాయకుడు, వెనక రంగు లైట్లు.]

ఈ బాధ మన ఊరికి కొత్త కాదు. 2020 సెప్టెంబరు 25న బాలుగారు పోయారు. తిప్పరాజువారి వీధిలో ఉన్న తన ఇంటిని అదే ఏడాది ఫిబ్రవరిలో కంచి మఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చి వెళ్ళిన మనిషి. ఇప్పుడు చవితి పందిట్లో ఎవరన్నా కుర్రాడు బాలు పాట ఎత్తుకుంటే మనం చూసేది ఒక్కటే గదా: ఎంత దగ్గరికొచ్చాడు? ఆ నవ్వు పడిందా, ఆ విరుపు పడిందా? పడితే ఈలలు. పడకపోతే పక్కవాడితో కబుర్లు.

లింకిన్ పార్క్ సరిగ్గా ఈ పరీక్షకే కూర్చోవాల్సి వచ్చింది. 2000లో వచ్చిన 'హైబ్రిడ్ థియరీ' దగ్గర్నుంచీ ఆ బ్యాండ్ అంటే చెస్టర్ బెన్నింగ్టన్ గొంతే. ఇంజనీరింగ్ హాస్టళ్ళలో పెన్‌డ్రైవ్‌ల మీద తిరిగిన గొంతు అది. 2017 జులై 20న ఆయన పోయాడు. ఏడేళ్ళకు, 2024లో, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే గాయనిని తీసుకుని నవంబరు 15న 'ఫ్రమ్ జీరో' వదిలారు.

[తెర మీద: పాట నిర్మాణం గీత రూపంలో. చరణం, పల్లవి, చరణం.]

ముందుగా బయటికొచ్చిన పాట 'ది ఎంప్టీనెస్ మెషీన్'. అందులో వరస ఎట్టా పెట్టారో గమనించండి. మొదటి చరణం, పల్లవి బ్యాండ్‌లో మొదట్నుంచీ ఉన్న మైక్ షినోడా పాడతాడు. పాతికేళ్ళుగా మనకు తెలిసిన గొంతు. ఎమిలీ రెండో చరణంలోగానీ రాదు. అంటే ఇంటివాడు ముందు గుమ్మంలోకొచ్చి, మనల్ని కూర్చోబెట్టి, ఆ తర్వాత కొత్త మనిషిని పరిచయం చేశాడు. మర్యాద తెలిసిన ఏర్పాటు. నాకు చాలా నచ్చింది.

ఇంకా నచ్చింది ఏందంటే, ఆమె చెస్టర్‌ని అనుకరించదు. చెస్టర్ గొంతు మామూలప్పుడు గాజులాగా తేటగా ఉండి, అరుపు దగ్గర ఒక్కసారిగా చీలుద్ది. ఎమిలీది మెల్లగా పాడేటప్పుడే గరుకు. 'హెవీ ఈజ్ ద క్రౌన్'లో దాదాపు పదిహేను సెకన్లు ఒకే ఊపిరితో అరుస్తుంది. ఆ అరుపు ఆమె సొంతం. అభిమానుల్లో కొందరు ఈ పేరుతో బ్యాండ్ నడపడమే తప్పన్నారు. నేను ఒప్పుకోను. పోయినాయన గొంతుని నకలు చేసి అమ్మి ఉంటే తప్పనేవాణ్ణి.

నచ్చనిదీ ఉంది. 'టూ ఫేస్డ్' దగ్గరికొచ్చేసరికి బ్యాండ్ తన పాత రోజుల్ని తనే నకలు కొట్టింది. ఆ రికార్డు గీకుళ్ళు, ఆ గిటార్ కొట్టుడు అంతా 2000 నాటి సరుకే. గాయని ముందుకు నడుస్తుంటే వాయిద్యాలు వెనక్కి లాగుతున్నాయి. పైగా పదకొండు ట్రాకులూ కలిపి అరగంట దాటీ దాటకముందే అయిపోతాయి. ఇంకో రెండు నెమ్మదైన పాటలు పడాల్సింది.

[తెర మీద: హై-హ్యాట్, స్నేర్ దగ్గరగా. రెండు చేతులు.]

రెండోది రోలింగ్ స్టోన్స్ వాళ్ళ 'హాక్నీ డైమండ్స్', 2023 అక్టోబరు 20. డ్రమ్మర్ చార్లీ వాట్స్ 2021 ఆగస్టులో, 80 ఏళ్ళ వయసులో పోయాడు. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే చార్లీ చెయ్యి చూపించకపోతే నేను చెప్పేది అర్థం కాదు.

మామూలుగా రాక్ డ్రమ్మర్ కుడిచేత్తో హై-హ్యాట్ మీద, అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన ఆ రెండు సింబల్స్ మీద, ఆపకుండా కొడుతుంటాడు. ఎడమచెయ్యి నాలుగు దెబ్బల్లో రెండోదానికీ నాలుగోదానికీ స్నేర్ మీద, అంటే మోకాళ్ళ మధ్య పెట్టుకునే చిన్న డ్రమ్ మీద, పడుద్ది. చార్లీ ఏం చేస్తాడంటే, స్నేర్ కొట్టే క్షణాన కుడిచెయ్యి పైకి లేపేస్తాడు. హై-హ్యాట్ ఆగుద్ది. స్నేర్ ఒక్కటే పలుకుద్ది. ఆ చిన్న సందులోంచే పాటకి ఊపిరి అందుద్ది. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో రిథమ్ ప్యాడ్స్ వాయించే తమ్ముళ్ళు ఎవరన్నా చూస్తుంటే ఈ రాత్రే ప్రయత్నించండి. వేగం మార్చబళ్ళేదు, నడక మారిపోద్ది.

ఈ ఆల్బమ్‌లో చార్లీ రెండు పాటల్లోనే ఉన్నాడు, 'మెస్ ఇట్ అప్', 'లివ్ బై ద స్వోర్డ్'. పోకముందు రికార్డు చేసి ఉంచినవి. మిగతావి స్టీవ్ జోర్డన్ వాయించాడు. చార్లీయే సూచించిన మనిషి, గొప్ప డ్రమ్మర్, ఆయన్ని ఒక్క మాట అనను. నా ఫిర్యాదంతా శబ్దం మీద. నిర్మాత ఆండ్రూ వాట్ ప్రతి వాయిద్యాన్నీ ముందుకు తోసి, మెరుగు పెట్టి, సందు లేకుండా నింపేశాడు. ఊపిరి కోసం చెయ్యెత్తే డ్రమ్మర్ ఉన్న బ్యాండ్‌కి ఇది తగదు. ఆఖరి పాట ఒక్కటీ నా మనసు కడిగేసింది. మడ్డీ వాటర్స్ అనే అమెరికా గాయకుడు 1950లో పాడిన బ్లూస్ పాట అది, అంటే అక్కడి నల్లజాతివాళ్ళ బాధల పాట, బ్యాండ్ 'రోలింగ్ స్టోన్స్' అని పేరు పెట్టుకుందే దాన్నుంచి. బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్, గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ ఇద్దరే. డ్రమ్స్ లేవు. ఎనభై దగ్గరపడ్డ ఇద్దరు స్నేహితులు, ఒక గిటారు, ఒక మౌతార్గాన్.

[తెర మీద: ఖాళీ డ్రమ్ స్టూలు.]

ఫూ ఫైటర్స్ గురించి క్లుప్తంగా. 2022 మార్చి 25న డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ పోయాడు, అదే ఏడాది నాయకుడు డేవ్ గ్రోల్ తల్లి కూడా. 2023 జూన్‌లో వచ్చిన 'బట్ హియర్ వి ఆర్'లో ఆ స్టూలు మీద వేరేవాళ్ళని కూర్చోబెట్టకుండా గ్రోల్ తనే డ్రమ్స్ వాయించాడు. అంతకుముందు నిర్వాణా అనే బ్యాండ్‌లో డ్రమ్మరే గదా ఆయన. టీచరుగా పనిచేసిన తల్లి కోసం పది నిమిషాల 'ది టీచర్' కట్టాడు. సగం పాటలు వీళ్ళ పాత పద్ధతిలోనే పోతాయి, కానీ ఆ ఒక్క పాట కోసం ఆల్బమ్ కొనొచ్చు.

[తెర మీద: మైపాడు సముద్రం, మబ్బు.]

నాలుగిట్లో నేను పైన పెట్టేది ద క్యూర్ వాళ్ళ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. 2024 నవంబరు 1. ముందు ఆల్బమ్ 2008లో, అంటే 16 ఏళ్ళ విరామం. ఎనిమిదే పాటలు. బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ తన అన్న రిచర్డ్ చావు మీద రాసిన 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై' ఇందులోదే. పియానో మీద నాలుగైదు స్వరాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. దుఃఖంలో ఉన్న మనిషి ఒకే మాట పదిసార్లు చెప్తాడే, అది విన్నవాళ్ళకి ఈ పాట వివరించాల్సిన పని లేదు.

రీల్‌కి సరిపోయే ముక్క కోసం పాటలు కడుతున్న ఈ కాలంలో, మొదటి పాట 'అలోన్'లో మూడు నిమిషాలు దాటిందాకా గొంతే వినపడదు. ఆఖరి పాట 'ఎండ్‌సాంగ్'లో ఆరు నిమిషాలు దాటాలి. వెలితిని నింపకుండా వినిపించిన ఆల్బమ్ ఇదొక్కటే, అందుకే పైన పెట్టా.

రాక్ ఎప్పుడూ విననివాళ్ళు 'అలోన్' నుంచే మొదలుపెట్టండి. ఫోను స్పీకర్లో వద్దు, బేస్ గిటారు సగం పోద్ది, హెడ్‌ఫోన్ పెట్టుకోండి. గొంతు రాలేదని ముందుకు జరపొద్దు. ఆ తర్వాత స్టోన్స్ ఆఖరి పాట, ఆ తర్వాత లింకిన్ పార్క్ వినండి. వచ్చే వీడియోలో డోలు, వేణువు కలిపి మెటల్ అనే బరువైన రాక్ వాయించే మన ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ సంగతి, 2025 మార్చిలో వచ్చిన వాళ్ళ 'న్యూ ఢిల్లీ' సంగతి చెప్తా.