చార్మినార్ నంబర్లు తిరగేస్తే ఎక్కడ తేలతాం?

నమస్కారం. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి చార్మినార్ దగ్గరికి రండి. పేరు మీద కాకుండా, పక్కన ఖాళీ చోట వేలితో నొక్కి పట్టుకోండి. పిన్ పడింది కదా? వివరాల్లో రెండు నంబర్లు కనిపిస్తాయి. ఇంచుమించు 17.3616, 78.4747.

ఇప్పుడు వీటిని తిరగేసి సెర్చ్‌లో కొడదాం. ముందు 78.4747, కామా, తర్వాత 17.3616. చూశారా ఎక్కడికొచ్చామో! నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులు. ఇక్కడి నుంచి ఉత్తర ధ్రువం సుమారు 1,300 కిలోమీటర్లే. ఇరానీ చాయ్ మీద ఆశ వదులుకోండి.

అందుకే వరుస తప్పకూడదు. మొదటిది అక్షాంశం. భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఎంత జరిగామో చెబుతుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. అంటే చార్మినార్ భూమధ్యరేఖకు 1,900 కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరాన ఉంది.

రెండోది రేఖాంశం, అంటే తూర్పు పడమరల లెక్క. భూమధ్యరేఖ ఎక్కడుండాలో భూమి తిరిగే తీరే తేల్చేస్తుంది. రేఖాంశానికి ఆ సౌకర్యం లేదు, సున్నా ఎక్కడో మనుషులే ఒప్పుకోవాలి. 1884లో వాషింగ్టన్‌లో చాలా దేశాలు కూర్చుని లండన్ దగ్గరి గ్రీనిచ్‌ను ఎంచుకున్నాయి. ఫ్రాన్స్, బ్రెజిల్ మాత్రం ఓటేయకుండా ఊరుకున్నాయి!

నన్నడిగితే అసలు మజా అంతా రేఖాంశంలోనే ఉంది, ఎందుకంటే అది టైమ్ కూడా చెబుతుంది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశమంతటి గడియారానికీ ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం. అది మన తుని పక్కనుంచే పోతుంది. చార్మినార్ దానికి 4 డిగ్రీలు పడమర. కాబట్టి తునితో పోలిస్తే హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఇంకో 16 నిమిషాలు పడుతుంది. విశాఖతో పోలిస్తే 19 నిమిషాల దాకా తేడా. గడియారం మాత్రం అందరిదీ ఒకటే. పంచాంగంలో ఊరిని బట్టి సూర్యోదయం మారడానికి ఇదో కారణం.

చాలామంది తడబడే చోటు ఒకటుంది. 17.36 డిగ్రీలంటే 17 డిగ్రీల 36 నిమిషాలు కాదు. ఇక్కడ నిమిషమంటే టైమ్ కాదు, డిగ్రీలో 60వ వంతు. 0.36ను 60తో గుణించండి, 21.6 వస్తుంది. అంటే 17 డిగ్రీల 22 నిమిషాలకు కాస్త తక్కువ. దాన్ని 36 నిమిషాలనుకున్నారో, 26 కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి వెళ్లిపోతారు.

ఎవరికైనా లొకేషన్ నంబర్లలో పంపాలంటే చుక్క తర్వాత నాలుగు అంకెలు ఉంచండి. 11 మీటర్ల లోపు తేడాతో దొరుకుతుంది. రెండే ఉంచితే కిలోమీటరు దాకా తేడా రావచ్చు. ఇప్పుడు మీ ఇంటి నంబర్లు చూసుకోండి. కానీ వాటిని నలుగురికీ కనపడేలా ఎక్కడా పెట్టకండి, అది ఇంటి అడ్రస్ ఇచ్చేసినట్టే.