టాపిక్ ఎంచుకునే రోజే మమ్మల్ని పిలవండి

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, వృత్తిలోని మిత్రులకు, పొద్దుటి నుంచి ఓపిగ్గా కూర్చున్న విద్యార్థులకు.

ఈ సింపోజియంలో ఆర్కిటెక్చర్ విద్యార్థుల పరిశోధనకూ, మాలాంటి ఆర్కిటెక్టుల ప్రాక్టీసుకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. అంశం పెద్దది కాబట్టి నేను ఒక సన్‌షేడ్‌తో మొదలుపెడతాను.

హైదరాబాద్‌లో మామూలు అపార్ట్‌మెంట్లను గమనించండి. చాలావాటికి నాలుగు దిక్కులా కిటికీల మీద ఒకే సన్‌షేడ్, గోడ నుంచి అడుగున్నర ముందుకొచ్చే పలక. దక్షిణం వైపు అది పనికొస్తుంది. ఏడాది మొత్తంలో మధ్యాహ్నపు సూర్యుడు బాగా కిందికి దిగే డిసెంబరులో కూడా ఇక్కడ దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నీడ అడుగు ముప్పావు దాకా దిగుతుంది. పడమర సంగతి వేరు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి అదే సన్‌షేడ్ నీడ సుమారు ఒక్క అడుగు. నాలుగడుగుల కిటికీలో మూడడుగులు ఎండలోనే ఉంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు మందపాటి కర్టెన్ లాగి, ఏసీ ఆన్ చేసి, పట్టపగలు ట్యూబ్‌లైట్ వేసుకుంటారు.

ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. సూర్యుడి దారి చూపే సన్‌పాత్ డయాగ్రామ్ గీసిన ప్రతివాళ్ళూ క్లాసులో చేసిందే. ఆఫీసుకొచ్చాక మాత్రం చెయ్యం. పాత ఫైల్లో డీటెయిల్ రెడీగా ఉంటుంది, తీసి అతికించేస్తాం. పడమరకి నిలువు ఫిన్స్, అంటే ఎండకు అడ్డంగా నిలబెట్టే పలకలు, పెడదామంటే బిల్డర్ ఖర్చెంత, లాభమెంత అంటాడు. ఖర్చు చెప్పగలం. లాభం దగ్గర నోరు పెగలదు, ఎందుకంటే మన ఊళ్ళో, మన ఇటుకతో కట్టిన గదిలో ఎవరూ కొలిచి పెట్టలేదు. (వాస్తు గురించి మాత్రం ఆయన దగ్గర అంకెలన్నీ ఉంటాయి.)

కొలవడానికి మాకు తీరికుండదు. మీకుంది, కనీసం మాకన్నా ఎక్కువ. ఐదేళ్ళ కోర్సు, పది సెమిస్టర్లు, అందులో డిసర్టేషన్ అనే పరిశోధనా వ్యాసం, చివర్లో థీసిస్ అనే డిజైన్ ప్రాజెక్టు. ఇంత కష్టం ఎటు పోతోందో మీ పనిని పరీక్షించే జ్యూరీకి వచ్చిన ప్రతిసారీ చూస్తున్నాను. గోడ నిండా షీట్లు, నిద్రలేని కళ్ళు, పక్కన మోడల్. మేమొచ్చి అరగంటలో ఉతికి ఆరేస్తాం. "ఈ సైట్ ఎందుకు తీసుకున్నావమ్మా?" అని అడుగుతాం. సైట్ తీసుకుని నెలలైపోయింది. ఆ ప్రశ్న ఇప్పుడు అడిగి ఏం లాభం? తర్వాత భోజనం, శాలువా. షీట్లు స్టోర్‌రూమ్‌కి.

ఇంటర్న్‌షిప్‌లోనూ ఇదే వరస, ఇక్కడ తప్పు మా వాళ్ళదే. వచ్చిన పిల్లలకి టాయిలెట్ డీటెయిల్స్, డోర్ విండో షెడ్యూల్, అనుమతికి పెట్టే శాంక్షన్ డ్రాయింగ్ చేతిలో పెడతాం. అవి నేర్చుకోవాల్సినవే, కాదనను. కానీ పోయిన ఏడాది మేం కట్టిన ఇంటికి వెళ్ళి, ఏ గదిలో ఎంత వేడిగా ఉందో, ఏ కిటికీ ఎప్పుడూ తెరవట్లేదో చూసి రమ్మని ఎందరం పంపుతున్నాం?

పరిశోధన బయటికొస్తే ఏమవుతుందో మన ఊళ్ళోనే ఒక దాఖలా ఉంది. 2017లో హైదరాబాద్ బస్తీల్లో చిన్న చిన్న ఇళ్ళ పైకప్పుల మీద ఎండను తిప్పికొట్టే పొర వేసి, లోపల వేడి ఎంత తగ్గిందో కొలిచారు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆ పనిలో ఉన్నాయి. సగటున రెండు డిగ్రీల తేడా. వినడానికి ఎంతో అనిపించదు, రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం గడిపినవాళ్ళని అడగండి. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఎండను తిప్పికొట్టే పైకప్పుల విధానం. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు తప్పనిసరి చేసింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇలాంటి పైకప్పులు లక్ష్యం. ఇవాళ నేను క్లయింటుకి తెల్ల పైకప్పు గురించి చెబితే బతిమాలాల్సిన పని లేదు, కాగితం చూపిస్తాను. ఆ కాగితం వెనక ఎవరో నిచ్చెనెక్కి కొలిచిన అంకెలున్నాయి.

అందుకే నా విన్నపం. ఈ సింపోజియం సంవత్సరం చివర పెట్టకండి. థీసిస్, డిసర్టేషన్ టాపిక్‌లు ఎంచుకునే ముందు పెట్టండి. మేం ఉపన్యాసాలతో కాకుండా, ఆఫీసులో జవాబు దొరకని ప్రశ్నలతో వస్తాం. పిల్లలకి నచ్చిందే తీసుకోనివ్వండి. సముద్రం ఒడ్డున మ్యూజియమే కావాలంటే అదీ మంచిదే, కానీ ఆ ఉప్పుగాలికి కాంక్రీటులో ఏ ఇనుప కడ్డీలు ఎన్నాళ్ళు నిలుస్తాయో చూసొచ్చి మొదలుపెట్టమనండి.

నా వంతుగా రెండు ప్రశ్నలు తెచ్చాను. తెల్ల పూత పూసిన పైకప్పు మన దుమ్ముకీ వానలకీ మూడేళ్ళ తర్వాత ఎంత తెల్లగా మిగులుతుంది? ఫిన్స్ ఉన్న పడమటి గదికీ, లేని గదికీ సాయంత్రం ఏడింటికి తేడా ఎంత? రెండో దానికి మేం కట్టిన ఒకే రకం ఫ్లాట్లు రెండున్నాయి, ఓనర్లతో మాట్లాడే పూచీ నాది. గదిలో వేడిని నమోదు చేస్తూ ఉండే టెంపరేచర్ లాగర్లు మా ఆఫీసే కొనిస్తుంది. ఆసక్తి ఉన్నవాళ్ళు టీ బ్రేక్‌లో కలవండి. మార్చిలోపు లాగర్లు బిగిస్తేనే ఈ ఎండాకాలం దొరుకుతుంది.